హెచ్ హెచీ వెళ్లే తెలుగు గ్రూపులకి, గిన్నె కడిగినవాడు రాస్తున్న బహిరంగ లేఖ

శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో శనివారం పొద్దున్నే పులిహోర కలుపుకుని హైకింగులకి బయల్దేరే తెలుగు గ్రూపులన్నిటికీ,

నమస్కారం. పోయిన మే నెలలో మా గ్రూపు 31 మందిమి యోసెమిటీ జాతీయ పార్కులో ఉన్న హెచ్ హెచీ లోయకి వెళ్లొచ్చాం. గ్రూపు పేరు చెప్పను, వచ్చినవాళ్లకి తెలుసు, రానివాళ్లకి అనవసరం. అయినా ఏ గ్రూపైతే ఏముంది, అందరిదీ ఒకటే కథ. ఆరింటికి బయల్దేరదాం అని మెసేజీ పెట్టుకుంటాం, ఏడున్నరకి ఇంట్లో పళ్లు తోముకుంటూ "దార్లో ఉన్నాం" అంటాం, ఎనిమిదిన్నరకి ఎవరో ఒకరి గరాజ్ ముందు నిలబడి కాఫీ తాగుతుంటాం. ఓక్‌డేల్‌లో ఆగి ఇడ్లీలు తిన్నాం, మొకాసిన్ దాటాక ప్రీస్ట్ గ్రేడ్ మలుపుల్లో ఆ ఇడ్లీలు బయటికొచ్చాయి (ఇద్దరు పిల్లలు, ఒక మావగారు), పార్కు గేటు దాటేసరికి పన్నెండు. ఎండ సరిగ్గా నడినెత్తిన.

యోసెమిటీ అంటే మనవాళ్లందరికీ హాఫ్ డోమ్, టనెల్ వ్యూ, అక్కడ నిలబడి తీసుకున్న ఫ్యామిలీ ఫోటో. అదే పార్కులో వాయవ్యం మూల ఇంకో లోయ ఉందని, అది 8 మైళ్ల పొడవున నీళ్లలో మునిగి ఉందని, అక్కడికి నడిచి వెళ్లొచ్చని చాలామందికి తెలీదు. ఈ మధ్యే తెలుస్తోంది. రీల్స్ పుణ్యమా అని మన గ్రూపులు వరసగా వెళుతున్నాయి. అందుకే ఈ ఉత్తరం.

చోటు గురించి రెండు ముక్కలు. కారు దిగి నేరుగా డ్యామ్ మీదకే నడవాలి. ఓషానెసీ డ్యామ్ అంటారు. డ్యామ్ మధ్యలో నిలబడి చూస్తే కుడిచేతి వైపు కొలానా రాక్ నీళ్లలోంచి నిలువునా లేచి ఉంటుంది, ఎడమచేతి వైపు దూరంగా వపామా జలపాతం, ఎవరో కొండమీద తడి పంచె ఆరేసినట్టు. డ్యామ్ దాటగానే కొండని తొలిచిన సొరంగం. లోపల చీకటి, పైనుంచి చుక్కచుక్కగా నీళ్లు కారుతుంటాయి, కాళ్ల కింద బురద గుంటలు. పిల్లలు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కేకలు పెడుతూనే ఉంటారు, అందులో తప్పేం లేదు, నేనూ ఒక కేక పెట్టాను. సొరంగం బయటికి రాగానే వెలుగు కళ్లలో గుచ్చుకుంటుంది. అక్కణ్ణించి నీళ్ల ఒడ్డు వెంట, నీళ్లకి బాగా పైన, గ్రానైట్ బండల మీద దారి. డ్యామ్ నుంచి వపామా దాకా రెండున్నర మైళ్లు, రానూ పోనూ అయిదు. చూడ్డానికి సమతలంగానే ఉంటుంది గానీ ఎక్కీ దిగీ ఎక్కీ దిగీ మోకాళ్లకి లెక్క తెలుస్తుంది. చెట్టు నీడ అక్కడక్కడా మాత్రమే. రిజర్వాయర్ ఎత్తు సముద్రమట్టానికి 3,800 అడుగులు, అసలు యోసెమిటీ లోయ కంటే కూడా తక్కువ, కాబట్టి కొండమీదకి పోతున్నాం చల్లగా ఉంటుందని అనుకోవద్దు, ఎండాకాలంలో ఆ బండలు పెనంలా కాలతాయి.

ఇక గిన్నె సంగతి.

ట్యుయులాలా జలపాతానికి కొంచెం ఇవతల ఓక్ చెట్టు కింద కూర్చుని తిన్నాం. పులిహోర, పెరుగన్నం, మాగాయ, ఎవరో తెచ్చిన జంతికలు. తిన్నాక చూస్తే పక్కనే దారికి అడ్డంగా ఒక సన్నటి పాయ పారుతోంది, అద్దంలా ఉన్నాయి నీళ్లు. ఇంత జిడ్డు గిన్నె కార్లో పెట్టుకుని మూడున్నర గంటలు ఎందుకు వెళ్లాలి అని, మా ఇంటి స్టీలు గిన్నె తీసుకెళ్లి, చిన్నప్పుడు మా అమ్మ కాలవ దగ్గర తోమినట్టు, గుప్పెడు ఇసకతో శుభ్రంగా తోమి కడిగాను. పసుపు, నూనె కలిసిన తెట్టు నీళ్లమీద మెరుస్తూ కిందికి జారింది. దాని వెనకాలే రెండు కరివేపాకులు, ఒక వేరుశనగ గుండు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, దాచుకోవడం ఎందుకు.

మా నాన్న ఆరు నెలలకని వచ్చి ఉన్నాడు అప్పుడు. బండమీద కూర్చుని చూస్తున్నాడు.

"ఈ నీళ్లు యాడికి పోతాయిరా?"

"కింద రిజర్వాయర్లోకి నాన్నా."

"అందులోవి యాడికి పోతాయి?"

"మనింటికే," అన్నాను నవ్వుతూ, క్విజ్‌లో జవాబు తెలిసినవాడి ఉత్సాహంతో. ఆయన గిన్నె వంక చూశాడు. నావంక చూశాడు. ఇంకేం అనలేదు. మా నాన్న ఏమీ అనకపోతే ఎట్లా ఉంటుందో మా ఇంట్లో వాళ్లకి తెలుసు.

ఆ రాత్రి ఇంటికొచ్చి, టెన్షన్‌తో నిద్రపట్టక, ఈ డ్యామ్‌కి అనుమతి ఇచ్చిన చట్టం తీసి చదివాను. రేకర్ చట్టం, 1913 డిసెంబర్‌లో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ సంతకం పెట్టాడు. అందులో తొమ్మిదో సెక్షన్ మీరంతా ఒకసారి చదవాలి. ఈ రిజర్వాయర్ హద్దుల్లో, దాంట్లోకి చేరే వాగుల్లో మైలు దూరం లోపల, నీళ్లలో ఎవరూ స్నానం చెయ్యకూడదు, బట్టలు ఉతక్కూడదు, వంట పాత్రలు కడక్కూడదు, ఏ రకంగానూ నీళ్లు పాడుచెయ్యకూడదు అని రాసుంది. వంట పాత్రలు! వందేళ్ల పైచిలుకు కింద వాషింగ్టన్‌లో కూర్చుని ఎవరో నా పులిహోర గిన్నె గురించి ముందే రాసిపెట్టారు. ఇంకోటి కూడా ఉంది, మలమూత్రాలూ చెత్తా రిజర్వాయర్‌కీ, దాంట్లోకి చేరే వాగులకీ 300 అడుగుల లోపల పడకూడదని. ఇది ఎందుకు చెబుతున్నానో ఆ రోజు దారి మధ్యలో పొదల చాటుకి వెళ్లొచ్చిన వాళ్లకి అర్థమవుతుంది. టాయిలెట్లు డ్యామ్ దగ్గరే ఉన్నాయి, ట్రయల్ మీద ఒక్కటి కూడా లేదు, డ్యామ్ దాటకముందే పని చూసుకోండి, పిల్లలకి "వస్తోందా" అని అడగడం కాదు, తీసుకెళ్లండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ నీళ్లకి వడపోత లేదు. చాలా ఊళ్లలో నది నీళ్లని ఇసక మడుల్లో వడగట్టి పంపులకి ఇస్తారు. హెచ్ హెచీ నీళ్లు గ్రానైట్ మీద కరిగిన మంచు నీళ్లు, పుట్టుకతోనే అంత శుభ్రం కాబట్టి వడపోత అక్కర్లేదని వీటికి మినహాయింపు ఉంది. అతినీలలోహిత కాంతి కింద నుంచి పంపి, క్రిములు చావడానికి మందు కలిపి వదులుతారు, అంతే. ఆ కాంతి పెట్టే కేంద్రం ట్రేసీ దగ్గర ఉంది, దాని పేరు టెస్లా. మీ గరాజ్‌లో ఉన్నదానికీ దీనికీ సంబంధం లేదు. ట్యుయొలమీ నదిని అక్కడ ఆపి, సియెర్రా కొండల్లోంచి సొరంగాల్లో, పైపుల్లో 160 మైళ్ల పైన, పల్లం చూసుకుంటూ తీసుకొస్తారు. నీరు పల్లమెరుగు అని మనం సామెతగా చెప్పుకునేదాన్ని వీళ్లు ఇంజనీరింగ్ చేసి పెట్టారు. దాదాపు 27 లక్షల మంది తాగుతున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో ఒక్కటే కాదు. మా హేవార్డ్ మొత్తం ఇదే వ్యవస్థ నీళ్లు, పాలో ఆల్టో, మౌంటెన్ వ్యూ, సన్నీవేల్‌లో చాలా ఇళ్లు, మిల్పిటాస్, ఫ్రీమాంట్‌లో కొంత. అంటే ఆ రోజు వచ్చిన తొమ్మిది కార్లలో సగానికి పైగా ఇళ్లలో మర్నాడు కాఫీకి పెట్టుకున్నవి ఆ నీళ్లే. నా కరివేపాకు మీదాకా రాదులెండి. కానీ నాలాంటివాళ్లు వారానికి ఎన్ని గిన్నెలు?

ఈ డ్యామ్ కథ కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే మనలో ఒకాయన డ్యామ్ మీద నిలబడి "సహజ సరస్సు, ఎంత బావుందో చూడండి" అని వీడియో తీశాడు. కాళ్ల కింద కాంక్రీటు పెట్టుకుని.

సహజం ఏమీ లేదండీ. అది పచ్చిక మైదానం, మధ్యలో నది, రెండు పక్కలా జలపాతాలు, అసలు యోసెమిటీ లోయకి చెల్లెల్లాంటి లోయ. 1906 భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో కూలి, కాలి, ఆ తర్వాత ఊరికి నమ్మకమైన నీళ్లు కావాలన్న పట్టు పెరిగింది. జాన్ మ్యూర్ అని, ఈ కొండలన్నీ కాలినడకన తిరిగిన పెద్దాయన, జాతీయ పార్కు లోపల డ్యామ్ ఏమిటని దేశమంతా గోల పెట్టించాడు. ఓడిపోయాడు. చట్టం మీద సంతకం పడిన ఏడాదికే, 1914 క్రిస్మస్ ముందురోజు పోయాడు. డ్యామ్ 1923లో పూర్తయింది, 1938లో ఇంకా ఎత్తు పెంచారు. నీళ్లు ఊరికి చేరింది 1934 అక్టోబర్‌లో. డ్యామ్‌కి ఎవరి పేరు పెట్టారో ఆ ఇంజనీరు ఓషానెసీ సరిగ్గా నీళ్లు రావడానికి కొద్ది రోజుల ముందు చనిపోయాడు. ఇన్నేళ్ల చాకిరీ చేసి ఆ మొదటి నీళ్లు చూడకుండా పోవడం, ఎందుకో మ్యూర్ ఓటమి కంటే ఇదే నన్ను ఎక్కువ పట్టుకుంది.

ఈ లోయ వాడుకున్నందుకు శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్ర ప్రభుత్వానికి కట్టాలని చట్టంలో రాసిన అద్దె ఎంతో తెలుసా, ఏడాదికి 30,000 డాలర్లు. ఇప్పటికీ అంతే. కాపలాకీ నిర్వహణకీ ఊరు వేరే డబ్బు కడుతుంది, అది నిజమే, కానీ కాగితం మీద అద్దె మాత్రం అది. సన్నీవేల్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటుకి మనం ఏడాదికి అంతకన్నా ఎక్కువే కడుతున్నాం.

డ్యామ్ తీసేసి లోయని బయటికి తేవాలని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1987లో రీగన్ ప్రభుత్వంలో మంత్రే ఆ మాటన్నాడు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్ల ముందు, అసలు ఖాళీ చెయ్యడం ఎలాగో ఒక ప్లాన్ వేద్దామా అని పెడితే, నాలుగింట మూడొంతుల మంది పైగా వద్దన్నారు. నన్నడిగితే? పంపు తిప్పితే ఈ నీళ్లు తాగేవాణ్ణి, నేనేం చెప్పను. మా ఇంట్లో మాత్రం దీనిమీద ఓటు చీలిపోయింది.

చీలింది మా నాన్న వల్ల. ఆయనది కృష్ణ ఒడ్డున, నందికొట్కూరు వైపు పల్లె. శ్రీశైలం ముంపులో పోయింది. 1981లో మా తాత ఇంటి ద్వారబంధాలు, దూలాలు పీకి ఎద్దుల బండికెత్తాడని, మా నాయనమ్మ పొయ్యి గడ్డలు కూడా తీసుకోమని పేచీ పెట్టిందని చిన్నప్పట్నుంచీ విన్నాం. మా బాబాయి ఇప్పటికీ ఎవరైనా, ముంపు కుటుంబాలకి ఉద్యోగాలిస్తామన్న జీవో 98 పేరెత్తితే చాలు, లేచి బయటికి వెళ్లిపోతాడు. అలాంటి మనిషిని తీసుకెళ్లి డ్యామ్ మీద నిలబెట్టి "వ్యూ చూడు నాన్నా" అన్నాను.

ఆయన చూసింది వ్యూ కాదు. నీళ్లకి కొంచెం పైన, కొండ చుట్టూతా బండమీద తెల్లటి చార ఒకటి ఉంటుంది, స్నానాల తొట్టెకి సబ్బు గీత పడినట్టు. నీళ్లు నిండినప్పుడు ఎంతవరకు వస్తాయో ఆ గుర్తు. మిగతా 30 మందిమీ ఫోటోల్లోంచి దాన్ని ఎలా కత్తిరించాలా అని చూస్తుంటే, ఆయన నేరుగా దానివైపు వేలు చూపించి "ఇంకా ఎంత నిండాల?" అన్నాడు. తర్వాత "ఎన్ని టీఎంసీలు?" అన్నాడు. ఫోన్‌లో లెక్క కట్టి చెప్పాను, 15న్నర పైన. "అంతేనా," అన్నాడు. శ్రీశైలం 215, నిండు మట్టం 885 అడుగులు, ఆయనకి ఆ అంకెలు మా పుట్టినరోజుల కంటే బాగా గుర్తు.

ఆ తర్వాత అడిగాడు. "దీని కింద ఎన్నూర్లు మునిగినాయిరా?"

ఊళ్లు లేవు నాన్నా అన్నాను. మీవాక్, పైయూట్ అనే ఇక్కడి జనం వేసవుల్లో వచ్చి ఉండేవాళ్లట, ఓక్ కాయలు ఏరి దంచి పిండి చేసుకునేవాళ్లట, ఈ లోయ పేరు కూడా వాళ్లు తినే ఒక గడ్డి గింజ పేరని అంటారు. అది విని ఆయన కాసేపు నీళ్లవంక చూసి, "నీళ్లు తగ్గితే ఏమన్నా తేల్తాదా? మన సంగమేశ్వరం మాదిరి?" అన్నాడు. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లలో ఉండి, వేసవిలో బయటపడే ఆ గుడి కోసం, అందులో వేపదారు లింగం కోసం, మావాళ్లు ప్రతి ఏడూ ఎదురుచూస్తారు. ఇక్కడ తేలడానికి గుడి లేదు, బురద, మొద్దులు తప్ప. ఆ ముక్క నేను చెప్పలేదు. అప్పుడే మన స్పీకర్ మొదలైంది, దసరా నవరాత్రి మైకు సెట్టంత సౌండుతో, ఆ లోయలో ప్రతి బండా ఆ పాట మళ్లీ మనకే అప్పజెప్పింది. ఆయన చెవులు మూసుకోలేదు గానీ నడక వేగం పెంచాడు.

స్పీకర్ గురించి ఇంతకన్నా రాయను. ఇయర్‌ఫోన్లు అందరి దగ్గరా ఉన్నాయి.

వంతెనల గురించి మాత్రం రాయాలి, మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరిచిపోకండి. వపామా జలపాతం దిగువన వరసగా చిన్న చిన్న వంతెనలు ఉంటాయి. మే, జూన్ నెలల్లో మంచు కరిగే రోజుల్లో జలపాతం ఆ వంతెనల పక్కనే విరుచుకుపడుతుంది, తుంపర వాన కంటే గట్టిగా కొడుతుంది, ఒక్కోసారి నీళ్లు వంతెన చెక్కల మీద నుంచే పారతాయి. 2011 జూన్ ఆఖర్లో ఆ వంతెన మీద నుంచి ఇద్దరు హైకర్లు కొట్టుకుపోయి చనిపోయారు. మేం వెళ్లిన రోజు చెక్కలు తడిసి నున్నగా ఉన్నాయి, నీళ్లు పైకి రాలేదు అంతే. అలాంటి చోట మన కుర్రాడొకడు కడ్డీకి ఆనుకుని వెనక్కి నడుస్తూ రీల్ తీస్తున్నాడు, ఇంకో పాప ఇంటి చెప్పులతో, ఒక ఆంటీ చీర కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో పాప చెయ్యి. "అవతలి ఒడ్డు నుంచి ఫోటో బావుంటుంది" అని అందర్నీ తోలినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే అరచేతులు చెమటలు పడుతున్నాయి. నీళ్లు చెక్కల మీదకి వచ్చి ఉంటే వెనక్కి తిరగండి, చీలమండ దాకానే కదా అని దిగొద్దు. జలపాతం ఇవతలి నుంచి కూడా కనిపిస్తుంది.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల సంగతి. వాళ్లు "మావల్ల కాదు" అని చెప్పరు, మీ సరదా పాడవుతుందని. మా గ్రూపులో ఒక పెద్దాయన నీళ్ల సీసా అయిపోయినా అడగలేదు, తిరుగు దారిలో ఒక బండకి ఆనుకుని కూర్చుండిపోయాడు, మొహం తెల్లబడిపోయింది. ఫోన్ సిగ్నల్ నమ్ముకునే చోటు కాదది. పొట్లం విప్పి ఉప్పు, పంచదార నీళ్లలో కలిపి పట్టించినావిడ నర్సు కావడం మన అదృష్టం. పెద్దవాళ్లని డ్యామ్, సొరంగం దాటించి, ఆ పైన ఓ అరమైలు నడిపించండి, చాలు. అసలు అందం ఆ అరమైల్లోనే ఉంది, తోడుగా ఒకరు ఉండిపోవాలి, ఆ ఒకరు ప్రతిసారీ కోడలే అవ్వాల్సిన పనిలేదు.

ఇంకా ఏవో ఉన్నాయి. గేటు రాత్రికి మూసేస్తారు, వేళలు సీజన్‌ని బట్టి మారతాయి, బయల్దేరేముందు చూసుకోండి. గ్రోవ్‌లాండ్ దాటాక పెట్రోలు నమ్ముకోకండి. పాయిజన్ ఓక్ మూడాకుల గుత్తిలా దారి పక్కనే ఉంటుంది, పిల్లలు తెంపితే వారం రోజులు దురద. రాటిల్‌స్నేక్‌లు ఉంటాయి, చెయ్యి ఎక్కడ పెడుతున్నారో చూసి పెట్టండి. ఈత లేదు, పడవ లేదు, ఎంత ఎండగా ఉన్నా లేదు. ఎవర్‌గ్రీన్ రోడ్డు పక్కన నల్లగా మోడువారిన చెట్లు కనిపిస్తే, అది 2013లో వచ్చిన రిమ్ ఫైర్ మిగిల్చింది, పిల్లలు అడుగుతారు, చెప్పండి. 31 మంది ఒకేసారి ఆ సన్న దారిలో నడిస్తే ఎదురొచ్చేవాళ్లు బండ ఎక్కి నిలబడాలి, ఎనిమిది పది మంది చొప్పున విడిపోతే పోయేదేం లేదు, పులిహోర ఎలాగూ నాలుగు ఇళ్ల నుంచి వస్తుంది.

గిన్నెకి నేను కనుక్కున్న ఉపాయం ఇది. పులిహోరని ఇంట్లోనే ఒక్కొక్కరికీ విడిగా అరిటాకులో పొట్లం కట్టేస్తాను, ఆకులు ఫ్రీమాంట్ ఇండియన్ స్టోర్లో దొరుకుతాయి. తిన్నాక ఆకులన్నీ ఒక సంచిలో వేసుకుని ఇంటికే. మాగాయకి మాత్రం సీసా తప్పదు, మూత గట్టిగా బిగించండి, లేకపోతే బ్యాగుతో సహా వాసన, అది కూడా అనుభవమే.

నాన్న సెప్టెంబర్‌లో తిరిగి వెళ్లిపోయాడు. మొన్న ఫోన్‌లో, అదే అంకెలు చదివే గొంతుతో, శ్రీశైలం గేట్లు ఎన్ని ఎత్తారో చెప్పి, "మీ డ్యాము నిండిందా?" అని అడిగాడు. చూసి చెబుతానన్నాను.

వచ్చే మే మొదటి శనివారం మళ్లీ వెళుతున్నాను. హేవార్డ్‌లో పొద్దున నాలుగింటికి, అంటే నాలుగింటికే, కారు కదులుతుంది. రెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి. స్పీకర్‌కి చోటు లేదు.

ఇట్లు,
ఆ స్టీలు గిన్నె యజమాని
హేవార్డ్